ఒంటరి ఇంటికి నాలుగో వంతు: బ్రిటన్ కౌన్సిల్ టాక్స్ వివాదాల్లో మన కుటుంబాలు

(బ్రిటన్‌లో నివసిస్తున్న తెలుగు ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో మనం సాధారణంగా మాట్లాడుకునే విషయాలు పెద్దవి. మతస్వేచ్ఛ, వివక్ష, పిల్లల చదువు, హలాల్ సంపాదన. ఈరోజు మేము ఎంచుకున్నది మాత్రం తలుపు చీలికలోంచి లోపలికి పడే ఒక కవరు. స్థానిక కౌన్సిల్ నుంచి వచ్చే ఇంటి పన్ను బిల్లు, అందులో ఒంటరిగా ఉండే వయోజనులకు ఇచ్చే నాలుగో వంతు రాయితీ. ఇంత చిన్న సంగతికి ప్రసంగమెందుకని కొందరికి అనిపించవచ్చు. కొన్నేళ్లుగా మన కుటుంబాల కాగితాలు చూసిపెడుతున్న మాకు ఆ సందేహం లేదు. భర్త విడిచి వెళ్లిన స్త్రీ తన కాపురం కూలిపోయిందని ఒక గుమాస్తాకు రుజువు చేయవలసి రావడం చిన్న విషయం కాదు. ఆమె అది రుజువు చేయలేకపోతే మూడేళ్ల పాత బకాయి ఒక్కసారిగా ఆమె మెడకు చుట్టుకోవడమూ చిన్న విషయం కాదు.

ముందు ఈ పన్ను స్వభావం తెలియాలి. మన ఊళ్లలో ఇంటి పన్ను ఇంట్లో ఎందరున్నారని అడగదు. ఇంటి కొలతలు, ప్రాంతం, అద్దె విలువో ఆస్తి విలువో చూసి పన్ను వేస్తారు. ఇంట్లో ఒక ముసలమ్మ ఉన్నా, పదిమంది ఉన్నా రసీదు ఒకటే. అందుకే అక్కడి నుంచి వచ్చిన మనవాళ్లకు ఇక్కడి బిల్లు సగం అర్థమై సగం అర్థం కాకుండా ఉంటుంది. బ్రిటన్‌లో ప్రభుత్వం ఒకప్పుడు ఇంటిని వదిలి మనిషి మీద పన్ను వేసి చూసింది. పోల్ టాక్స్ అని జనం పిలిచిన ఆ పన్ను స్కాట్లండ్‌లో 1989లో, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1990లో వచ్చింది. ధనవంతుడికీ పేదవాడికీ దాదాపు ఒకే మొత్తం. 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో జరిగిన ఆందోళన దేశాన్ని కుదిపింది. తరువాత 1992 నాటి స్థానిక ప్రభుత్వాల ఆర్థిక చట్టం ద్వారా కౌన్సిల్ టాక్స్ రూపొంది, 1993 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. ఇది రాజీ పన్ను. సగం ఇంటిది, సగం మనుషులది. పూర్తి బిల్లు ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారన్న ఊహ మీద కట్టింది. ముగ్గురున్నా ఆరుగురున్నా అది పెరగదు. ఒక్కరే ఉంటే నాలుగో వంతు తగ్గుతుంది. లెక్కలోకి వచ్చేవారు ఒక్కరూ లేకుండా, లెక్కలోకి రానివారే ఉంటే సాధారణంగా సగం తగ్గుతుంది.

ఇంగ్లండ్‌లో 2025-26 సంవత్సరానికి డి తరగతి ఇంటి సగటు బిల్లు 2,280 పౌండ్లు. అందులో నాలుగో వంతు 570 పౌండ్లు. పది వాయిదాల్లో కట్టేవారికి నెలకు 57 పౌండ్ల తేడా. రెండు ఉద్యోగాల ఇంటికి ఇది పెద్ద మొత్తం కాకపోవచ్చు. పిల్లలతో మిగిలిపోయిన తల్లికి అది చలికాలపు గ్యాసు బిల్లు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాము. ఈ రాయితీ కౌన్సిల్ చూపే దయ కాదు, చట్టంలోని 11వ సెక్షన్ ఇచ్చిన హక్కు. మీ ఆదాయం ఎంతని ఎవరూ అడగరు. జీతం బాగా ఉన్న డాక్టరమ్మ ఒంటరిగా ఉన్నా ఆమెకు వర్తిస్తుంది. పేదలకు వేరుగా ఇచ్చే తగ్గింపు ఇంకొకటి ఉంది, దానిని కౌన్సిల్ టాక్స్ రిడక్షన్ అంటారు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల మనవాళ్లకు జరుగుతున్న నష్టం ఇంతా అంతా కాదు. డిపెండెంట్ వీసా మీద వచ్చి భర్త వదిలేసిన అమ్మాయిలు ఎందరో ఉన్నారు. వారి వీసా షరతుల్లో ప్రభుత్వ నిధులు తీసుకోరాదని ఉంటుంది. రాయితీ అడిగితే ఆ షరతు ఉల్లంఘించినట్టవుతుందని, రేపు వీసా పొడిగింపు రాదని ఎవరో చెబుతారు. ఆ అమ్మాయి భయపడి పూర్తి బిల్లు కడుతుంది, లేదా కట్టలేక అప్పుల్లో పడుతుంది. ఇమ్మిగ్రేషన్ నియమాల్లో ప్రభుత్వ నిధుల జాబితాలో ఉన్నది కౌన్సిల్ టాక్స్ రిడక్షన్ మాత్రమే. ఒంటరి నివాసి రాయితీ ఆ జాబితాలో లేదు. ఆమె దానిని నిర్భయంగా కోరవచ్చు. ఆ రెండో దరఖాస్తు ఫారం మాత్రం ముట్టుకోకూడదు. కౌన్సిల్ వెబ్‌సైట్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి కనుక ఏ ఫారం నింపుతున్నామో పేరు చూసుకొని నింపాలి.

ఇక ఎవరిని లెక్కిస్తారు? పద్దెనిమిదేళ్లు నిండి, ఆ ఇంటిని తన ఏకైక నివాసంగా గానీ ప్రధాన నివాసంగా గానీ చేసుకున్న ప్రతి ఒక్కరినీ. సంపాదన ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు. కొడుకు ఇంట్లో స్థిరపడిన అమ్మీకి పైసా ఆదాయం లేకపోయినా ఆమె లెక్కలోకి వస్తుంది. అయితే చట్టం కొందరిని లెక్కలోంచి మినహాయించింది. పూర్తికాల విద్యార్థులు, కొన్ని రకాల అప్రెంటిస్‌లు, ఇంకా చైల్డ్ బెనిఫిట్ వస్తున్న పద్దెనిమిదేళ్ల పిల్లలు, షరతులకు లోబడిన సంరక్షకులు, తీవ్రమైన మానసిక బలహీనత ఉన్నట్టు వైద్యుని ధ్రువీకరణా నిర్ణీత భత్యానికి అర్హతా రెండూ ఉన్నవారు, ఇలా. కనుక ఇంట్లో తల్లితో పాటు యూనివర్సిటీలో చదివే కొడుకు ఉంటే తల్లికి రాయితీ పోదు. ఇరవై ఏళ్లలోపు పిల్లలు ఏప్రిల్ 30 తరువాత బడి లేదా కాలేజీ చదువు ముగిస్తే నవంబరు 1 వరకు వారిని లెక్కించరు. వేసవిలో కొడుకు ఇంట్లో కూర్చున్నాడని ఆ నెలలకు కూడా పూర్తి బిల్లు కట్టిన తల్లులను మేము చూశాము.

భారతదేశం నుంచి ఆరు నెలల సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల సంగతి చాలామంది అడుగుతారు. వారి ఇల్లు కర్నూలులోనో నల్గొండలోనో ఉంది, తిరిగి అక్కడికే వెళతారు. వారి ప్రధాన నివాసం అదే. మనవడిని చూడటానికి వచ్చిన నానీ వల్ల కూతురి రాయితీ పోదు.

విద్యార్థుల అద్దె ఇళ్లలో తగాదా మరో రకం. నలుగురు కుర్రవాళ్లు కలిసి ఇల్లు తీసుకుంటారు. అందరూ పూర్తికాల విద్యార్థులైనంతకాలం ఆ ఇంటికి పన్నే లేదు. ఒకరి కోర్సు పూర్తయి, గ్రాడ్యుయేట్ వీసా మీద ఉద్యోగంలో చేరిన రోజు నుంచి పరిస్థితి మారుతుంది. ఇంట్లో లెక్కకు వచ్చే పెద్దవాడు ఇప్పుడు ఒక్కడే. కనుక బిల్లు మూడు వంతులకు వస్తుంది, ఆ మూడు వంతులూ అతడి ఒక్కడి పేరనే వస్తాయి. మిగిలిన ముగ్గురు విద్యార్థులకు అతడితో ఉమ్మడి బాధ్యత చట్టం ప్రకారం లేదు. గదులు విడివిడిగా అద్దెకిచ్చిన ఇల్లయితే సాధారణంగా బాధ్యత యజమానిది. ఇది తెలియక స్నేహితుల మధ్య మాటలు పెరిగి, చివరికి ఊళ్లో ఉన్న తండ్రుల దాకా ఫోన్లు వెళ్లిన సందర్భాలున్నాయి. చదువు ముగియబోతున్న పిల్లలు ఆ రోజు రాకముందే కూర్చొని, ఎవరు ఎంత పంచుకోవాలో తమలో తాము రాసుకోవడం మంచిది. కౌన్సిల్ ఆ ఒప్పందాన్ని చూడదు, కానీ స్నేహం నిలబడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము.

మన సమాజంలో నికాహ్ రెండు రకాలుగా జరుగుతోంది. గుంటూరులోనో హైదరాబాదులోనో ఖాజీ సమక్షంలో జరిగిన నికాహ్ అక్కడి చట్టం ప్రకారం చెల్లుతుంది, కనుక ఇంగ్లండ్ కోర్టులు కూడా దానిని సాధారణంగా వివాహంగానే గుర్తిస్తాయి. ఇక్కడే, ఎవరి ఇంటి హాలులోనో, రిజిస్ట్రేషన్ లేని చోటనో జరిగి, ఆ తరువాత పౌర వివాహంగా నమోదు కాని నికాహ్ సంగతి వేరు. 2020 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఇలాంటి నికాహ్‌ను చట్టం దృష్టిలో వివాహమే కాని తంతుగా తేల్చింది. రద్దు చేయడానికి కూడా అక్కడ వివాహం లేదన్నది. అంటే విడిపోయిన స్త్రీకి భార్యగా ఇంట్లో వాటా, భరణం, పింఛనులో భాగం కోరే దారి మూసుకుపోతుంది. రెండేళ్ల ముందే, 2018లో ప్రభుత్వానికి సమర్పించిన షరియా మండళ్ల సమీక్ష నివేదిక నికాహ్‌తో పాటు పౌర నమోదు కూడా తప్పనిసరి కావాలని సూచించింది.

ఇదే దేశపు పన్ను చట్టం ఏమంటుందో వినండి. కౌన్సిల్ టాక్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఒకే ఇంట్లో నివసించే భార్యాభర్తలిద్దరూ ఉమ్మడిగానూ విడివిడిగానూ పన్నుకు బాధ్యులు. పెళ్లి కాకపోయినా భార్యాభర్తల్లా కలిసి ఉండేవారికీ ఇదే వర్తిస్తుంది. కనుక నికాహ్ మాత్రమే చేసుకున్న స్త్రీ వాటా అడిగినప్పుడు ఆమె భార్య కాదు, పన్ను కట్టవలసి వచ్చినప్పుడు ఆమె భార్యతో సమానం. భర్త బకాయి పెట్టి పోయిన కాలానికి కూడా, ఆ ఇంట్లో వారిద్దరూ కలిసి ఉన్న రోజులకు, మొత్తం బకాయిని ఆమె నుంచి వసూలు చేయవచ్చు. ఇందులో ముస్లింల మీద ప్రత్యేకమైన పక్షపాతం ఉందని మేము అనడం లేదు. పెళ్లి లేకుండా కలిసి ఉండే తెల్లవారికీ ఇదే నియమం. కానీ వారు పెళ్లి వద్దనుకొని అలా ఉన్నారు. మన అమ్మాయి పెళ్లయిందనుకొనే ఆ గడప తొక్కింది. ఆ తేడాను చట్టం చూడదు.

విడిపోయిన తరువాత మొదలయ్యేది రుజువుల గొడవ. మా వద్దకు వచ్చిన ఒక సోదరి కథ చెబుతాము. పేరు, ఊరు అక్కరలేదు. భర్త వెళ్లిపోయాడు. ఆమె వెంటనే కౌన్సిల్‌కు తెలియజేసి రాయితీ పొందింది. ఆయన మాత్రం బ్యాంకులోగానీ, డ్రైవింగ్ లైసెన్సులోగానీ, మొబైల్ ఖాతాలోగానీ చిరునామా మార్చలేదు. మార్చవలసిన అవసరం ఆయనకేముంది? రెండేళ్ల తరువాత ఒక సమీక్ష లేఖ వచ్చింది. మీ చిరునామాలో మరో వయోజనుడు ఉన్నట్టు మా సమాచారం సూచిస్తున్నదని అందులో ఉంది. ఆయన ఇప్పుడు ఎక్కడున్నారో చిరునామా ఇవ్వమన్నారు. “భాయ్‌జాన్, ఆయన ఎక్కడున్నాడో నాకే తెలిస్తే పిల్లల ఖర్చు అడగనా?” అని ఆమె మాతో అన్నది. జవాబు ఆలస్యమైంది, రాయితీ రద్దయింది, రెండేళ్ల తేడా మొత్తం ఒక్క బిల్లుగా వచ్చింది.

ఈ లేఖలు ఎలా పుడతాయో తెలుసుకోవాలి. కౌన్సిళ్లు రాయితీ పొందుతున్నవారి జాబితాను ఓటర్ల జాబితాతోనూ, క్రెడిట్ సంస్థల వద్దనున్న ఆర్థిక సమాచారంతోనూ పోల్చి చూస్తాయి. ప్రభుత్వ సంస్థల మోసాలను పట్టుకునేందుకు నడిచే నేషనల్ ఫ్రాడ్ ఇనిషియేటివ్‌లో కూడా ఇలాంటి పోలిక జరుగుతుంది. ఈ పోలికలో బయటపడేది అనుమానం మాత్రమే, రుజువు కాదు. అలాంటిచోట మన పేర్లు మనకే చిక్కు తెస్తాయి. షేక్, సయ్యద్, మహమ్మద్, ఖాన్, పఠాన్. ఇంటిపేరు ముందో వెనకో తెలియక ఒక కాగితంలో ఒకలా, మరో కాగితంలో మరోలా నమోదైన పేర్లు. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి రెండో గడి ఖాళీగా మిగిలినవి. ముందు అద్దెకున్న మహమ్మద్ గారి బ్యాంకు ఉత్తరాలు ఇంకా అదే ఇంటికి వస్తుంటే, ఇప్పుడున్న మహమ్మద్ గారి వితంతువు ఇంట్లో మగవాడున్నాడని ఒక యంత్రం తేల్చవచ్చు. మీది కాని ఉత్తరం వస్తే పారేయకండి, కవరు మీద ఈ చిరునామాలో లేరని రాసి తిరిగి పంపండి. అలా పంపే ముందు ఫోనులో ఒక ఫొటో తీసుకోండి.

మన ధర్మానికి సంబంధించిన రెండు సందర్భాలు ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే కౌన్సిల్ గుమాస్తాకు అవి అర్థం కావు, మనమే వివరించాలి.

మొదటిది తలాఖ్ ఇద్దత్. మొదటి తలాఖ్ తరువాత స్త్రీ భర్త ఇంట్లోనే ఇద్దత్ గడపడం మన పద్ధతి. ఆ మూడు నెలలు భర్త కూడా అదే ఇంట్లో వేరే గదిలో ఉండవచ్చు. పన్ను చట్టం దృష్టిలో ఆ కాలమంతా ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లున్నట్టే. రాయితీ ప్రారంభమయ్యేది తలాఖ్ చెప్పిన రోజు నుంచి కాదు, ఇద్దత్ ముగిసిన రోజు నుంచి కాదు, ఆయన వేరే నివాసం ఏర్పరచుకొని వెళ్లిన రోజు నుంచి. ఖులా పత్రంలో ఉన్న తేదీని ఫారంలో రాసి, తరువాత ఇబ్బంది పడినవారున్నారు. అలాగే ఖులా రాకపోయినా, భర్త తలాఖ్ ఇవ్వనని ఏళ్ల తరబడి వేలాడదీసినా, ఆయన ఆ ఇంట్లో ఉండకపోతే చాలు. ధర్మం ప్రకారం ఆమె ఇంకా ఆయన భార్యే కావచ్చు. రాయితీకి అడ్డు అది కాదు.

రెండోది భర్త మరణించిన స్త్రీ ఇద్దత్. నాలుగు నెలల పది రోజులు. ఇంటి విషయాలు అన్నదమ్ములు చూస్తారు, ఆమె కవర్లు విప్పదు. భర్త పోయిన మరుసటి రోజు నుంచే ఆమెకు రాయితీ హక్కు ఉంది. ఆమెకు తోడుగా వచ్చి ఆ నెలలు అక్కడే పడుకున్న తమ్ముడికి తన సొంత ఇల్లు, భార్యాపిల్లలు వేరేచోట ఉంటే అతడిని లెక్కించరు. దరఖాస్తు ఆలస్యమైతే, దరఖాస్తు చేసిన తేదీ నుంచే ఇస్తామని కొందరు గుమాస్తాలు ఫోనులో చెబుతారు. హక్కు పుట్టింది చట్టం నుంచి, ఫారం నుంచి కాదు. ఒంటరిగా ఉన్న తొలి రోజు నుంచి లెక్కించమని రాతపూర్వకంగా అడగాలి.

ప్రధాన నివాసం అనే మాట దగ్గర గల్ఫ్ కుటుంబాలు కాస్త ఆగాలి. భర్త సౌదీలోనో దుబాయిలోనో ఉద్యోగం చేస్తూ, భార్యాపిల్లలను బ్రిటన్‌లో ఉంచిన ఇళ్లు మనలో ఉన్నాయి. సంవత్సరంలో పదకొండు నెలలు ఆయన లేడు కదా, ఇంట్లో భార్య ఒక్కతే కదా, రాయితీ రాదా? రాకపోవచ్చు. పోల్ టాక్స్ కాలం నాటి ఒక కేసులో, సౌదీ అరేబియాలో పనిచేస్తూ సెలవులకు మాత్రమే వచ్చే వ్యక్తి ప్రధాన నివాసం భార్య ఉన్న హల్ నగరంలోని ఇల్లేనని హైకోర్టు తేల్చింది. 1991లో వాణిజ్య నౌకలో పనిచేసే ఒక నావికుడి విషయంలోనూ అంతే. ఏడాదిలో ఎక్కువ కాలం సముద్రం మీద గడిపినా, ఆయన ఇల్లు ఒడ్డున భార్య ఉన్నదే. 2004లో అప్పీలు కోర్టు ఇచ్చిన కొలబద్ద కూడా ఇదే దిశలో ఉంది. అన్ని వాస్తవాలూ తెలిసిన వివేకవంతుడైన బయటి వ్యక్తి ఏ ఇంటిని ఆ మనిషి ఇల్లు అంటాడో అదే ప్రధాన నివాసం. రాత్రుల సంఖ్య ఒక్కటే లెక్క కాదు. కాబట్టి గల్ఫ్‌లో ఉన్న భర్త గురించి దాచకుండా కౌన్సిల్‌కు చెప్పి, వారి నిర్ణయం తీసుకోవడమే సురక్షితం.

ఇదే సూత్రం విడిపోయిన భర్తలకు తిరగబడి వర్తిస్తుంది. పిల్లలను చూడటానికి శనివారం వచ్చి రాత్రి సోఫా మీద పడుకొని వెళ్లే తండ్రి ఆ ఇంటి నివాసి కాడు. రెండు కాపురాలున్న పురుషుడి సంగతి కూడా మమ్మల్ని అడుగుతుంటారు. ఆయన ఏర్పాటును సమర్థించడం మా పని కాదు. కానీ ఒక మనిషికి ఒక సమయంలో ప్రధాన నివాసం ఒకటే ఉంటుంది. ఆయన నిజంగా ఒక ఇంట్లో స్థిరపడి రెండో ఇంటికి వచ్చిపోతుంటే, ఆ రెండో ఇంట్లోని స్త్రీకి హక్కు ఉంటుంది. ఆయన చేసిన పనికి ఆమె నాలుగో వంతు ఎక్కువ కట్టడం న్యాయం కాదు.

వివాదం వస్తే నడవవలసిన దారి ఇది. మొదట కౌన్సిల్‌కే రాతపూర్వకంగా అభ్యంతరం పంపాలి. ఫోను మాట అభ్యంతరం కాదు. జవాబివ్వడానికి వారికి రెండు నెలలు. తిరస్కరిస్తే ఆ జవాబు వచ్చిన రెండు నెలల్లో, ఇంగ్లండ్‌లోనైతే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయవచ్చు. వేల్స్‌కు వేరే వాల్యుయేషన్ ట్రిబ్యునల్ ఉంది. స్కాట్లండ్‌లో 2023 ఏప్రిల్ నుంచి ఫస్ట్ టయర్ ట్రిబ్యునల్ ఇవి చూస్తోంది. వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌లో అప్పీలుకు ఫీజు లేదు, ఓడినా ఎదుటివారి ఖర్చులు మీద పడవు, లాయరు తప్పనిసరి కాదు. ట్రిబ్యునల్ చూసేది ఏ వైపు కథ ఎక్కువ నమ్మదగినది అన్నదే.

మనవాళ్లు మాత్రం సరిగ్గా తప్పుడు చోట పోరాడతారు. సమన్లు వచ్చిన రోజు మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లి, నా భర్త ఇంట్లో లేడని చెప్పుకుంటారు. రాయితీ ఉండాలా వద్దా అని తేల్చే అధికారం ఆ కోర్టుకు లేదు. బిల్లు సక్రమంగా పంపారా, కట్టారా అన్నదే అక్కడి ప్రశ్న. లయబిలిటీ ఆర్డర్ వచ్చేస్తుంది. ఆ తరువాత జీతం నుంచి కోత, లేదా బెయిలిఫ్‌లు. 2014 నిబంధనల్లో బెయిలిఫ్‌కు కేసు అందగానే 75 పౌండ్లు, ఇంటికి వచ్చే దశలో 235 పౌండ్లు అదనంగా చేర్చారు. వేల్స్ 2019లో కౌన్సిల్ టాక్స్ బకాయికి జైలు శిక్షను తొలగించింది. ఇంగ్లండ్ చట్టంలో ఉద్దేశపూర్వకంగా ఎగవేసినవారికి మూడు నెలల వరకు జైలు ఇంకా ఉంది. మరో సంగతి గుర్తుంచుకోవాలి. అప్పీలు పెట్టినంత మాత్రాన వసూలు ఆగదు. కనీసం వివాదం లేని మూడు వంతులైనా ప్రతి నెలా కడుతూ, మిగిలిన నాలుగో వంతును అప్పీలు తేలేవరకు ఆపమని కౌన్సిల్‌ను లేఖ ద్వారా కోరండి.

సాక్ష్యంగా ఏమి కావాలి? ఆయన కొత్త చిరునామా మీ దగ్గర లేకపోవచ్చు. అది మీ తప్పు కాదు. మీరు అద్దె ఒప్పందం మీ పేరుకే మార్చుకున్న లేఖ, ఆయన వెళ్లాక కరెంటు ఖాతా మార్పు, పిల్లల బడికి మీరిచ్చిన కొత్త సంప్రదింపు వివరాలు, డాక్టరు దగ్గర నమోదు, పోలీసులకో మహిళా సహాయ సంస్థకో చేసిన ఫిర్యాదు ఉంటే అది, ఖులా కోసం మండలికి పెట్టిన దరఖాస్తు, ఇవన్నీ ఒక కథ చెబుతాయి. ఇక్కడ మసీదు కమిటీలకు మా విజ్ఞప్తి ఒకటి ఉంది. విడిపోయిన స్త్రీ లేఖ అడిగితే, ఇది ఇంటి గొడవ అని తప్పించుకోకండి. ఫలానా నెల నుంచి ఈ దంపతులు వేరుగా ఉన్నట్టు మాకు తెలుసునని, ఆ విషయం మీకు స్వయంగా తెలిస్తే, సంతకం పెట్టి ఇవ్వండి. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకండి. భర్త కమిటీ సభ్యుడి బంధువన్న కారణంతో లేఖ నిరాకరించిన సంఘటనలు మా దృష్టికి వచ్చాయి. అది సాక్ష్యాన్ని దాచడం, మరో పేరు లేదు.

మనలోని రెండో పక్కను కూడా చెప్పకపోతే ఈ ప్రసంగం నిజాయితీగా ఉండదు. భర్త అదే ఇంట్లో తింటూ, పడుకుంటూ ఉండగా కాగితం మీద ఆయనను అన్న ఇంటికి పంపి రాయితీ తీసుకునే కుటుంబాలు ఉన్నాయి. అందరూ చేసేదే కదా, కౌన్సిల్ సొమ్మే కదా అంటారు. అది కౌన్సిల్ సొమ్ము కాదు. అదే వీధిలో చెత్త తీసే మనిషి జీతం, వృద్ధుల ఇళ్లకు వచ్చే సహాయకురాలి జీతం అందులోంచే వస్తాయి. అమానత్ అనే మాటను జుమా ఖుత్బాలో విని తలూపే మనం దీనిని వేరే ఖాతాలో వేసుకోలేము. చట్టం కూడా ఊరుకోదు. రాయితీకి అర్హత పోయిందని తెలిసిన 21 రోజుల్లో కౌన్సిల్‌కు చెప్పకపోతే 70 పౌండ్ల జరిమానా వేయవచ్చు. అడిగిన సమాచారం మళ్లీ మళ్లీ ఇవ్వకపోతే అది 280 అవుతుంది. తెలిసి అబద్ధం రాస్తే 2006 నాటి ఫ్రాడ్ చట్టం కింద కేసు. వీసా మీద ఉన్నవారికి ఆ కేసు పన్ను కంటే చాలా ఖరీదైనది. వీటన్నిటికన్నా మమ్మల్ని ఎక్కువ బాధించేది వేరొకటి. ఆ పది ఇళ్ల అబద్ధం వల్ల పదకొండో ఇంట్లో నిజంగా ఒంటరిగా ఉన్న సోదరి చెప్పిన మాటను ఎవరూ నమ్మరు.

పెద్దకొడుకు చదువు ముగించి ఉద్యోగంలో చేరినప్పుడు, చెల్లెలు వచ్చి స్థిరంగా ఉండిపోయినప్పుడు, విడిపోయిన భర్త తిరిగి వచ్చినప్పుడు, వాటిలో ఏది జరిగినా ఆ వారమే తెలియజేయండి. తిరిగి కాపురానికి వచ్చిన భర్త విషయంలో మన పెద్దలు కొన్నిసార్లు స్త్రీ చేత మౌనం పాటింపజేస్తారు, ఎప్పుడు మళ్లీ వెళ్తాడో అని. రాయితీ పోయినా మళ్లీ వస్తుంది. ఆయన వెళ్లిన మరుసటి రోజు నుంచి మళ్లీ అడగవచ్చు. పన్ను లెక్క రోజువారీది.

నికాహ్ నమోదు గురించి యువకులు ఇందాక చీటీలు పంపారు. మీ నికాహ్ ఇక్కడ జరిగి నమోదు కాలేదా? స్థానిక రిజిస్ట్రార్ కార్యాలయంలో నోటీసు ఇచ్చి పౌర వివాహం చేసుకోవచ్చు. నోటీసుకు సాధారణంగా 28 రోజుల గడువుంటుంది, విదేశీయులైతే కొన్నిసార్లు అది 70 రోజులకు పెరుగుతుంది. వీసా కాగితాలు, పాస్‌పోర్టు, చిరునామా రుజువు తీసుకెళ్లాలి. ఇంతకుముందు జరిగిన నికాహ్ తేదీని అది మార్చదు, మీ మెహర్‌ను తాకదు. కాపురం బాగున్న రోజుల్లోనే ఆ పని చేయించుకోమని అమ్మాయిల తండ్రులతో మేము గట్టిగా చెబుతున్నాము. కాపురం చెడిన తరువాత ఏ వరుడూ ఆ కార్యాలయం గడప తొక్కడు.

ఇప్పుడు ఎవరి దగ్గరైనా సమీక్ష లేఖలు ఉంటే, నమాజు తరువాత పక్క గదిలో మేము కూర్చుంటాము. లేఖతో పాటు దాని కవరు కూడా తీసుకురండి, తేదీ ముద్ర మనకు అవసరం.